పక్కింటి విల్లు, మా ఇంటి వీణ

మా తమ్ముడి కూతురు మేడ మీద గదిలో కూర్చుని సంగీతం తయారు చేస్తుంది. తయారు చేస్తుంది అనడమే సరి, ఎందుకంటే ఆ పిల్ల పాడదు, ఒక వాద్యమంటూ పట్టుకుని వాయించదు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నల్లమల వైపు వెళ్ళినప్పుడల్లా ఫోనులో పట్టుకొచ్చిన వాన చప్పుడునూ, వెదురు పొదల్లో గాలినీ, ఎవరిచేతనో వాయించి తీసుకున్న వేణువు ముక్కనూ ల్యాప్‌టాప్‌లో ఒకదాని మీద ఒకటి పరుస్తూ పోతుంది. అలా పరచగా వచ్చినదానికి మాటలుండవు, తాళముండదు, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కూడా తెలియదు. దాన్ని వింటూ ఎక్కడెక్కడి వాళ్ళో చదువుకుంటారట, నిద్రపోతారట. మొదట్లో నాకు నవ్వొచ్చింది గానీ, ఒకరోజు అది చేసిన వానాకాలపు సంగీతం విన్నాక నవ్వు పోయింది. ఇలాంటిది నేనూ ఒకప్పుడు చేశాను, పేరేమిటో తెలియకుండానే చేశాను అని ఆ పిల్లతో అనేశాను. అంతే, పోయిన వారం అటక మీది వీణ కిందికి దిగింది.

మేముండేది ఆళ్లగడ్డలో. మా వీధి చివర శిల్పుల కొట్టాలున్నాయి. పూర్వం ఉలి చప్పుడు వినపడేది, ఇప్పుడు రాయి కోసే మిషను గొంతు చించుకుంటుంది. వాళ్ళు అన్నానికి లేచినప్పుడే మాకు రికార్డింగు. ఆ కాస్త సందులో నేను వాన పాట వాయించాను. పాట అంటున్నాను గానీ అందులో పాడేదేమీ లేదు. పూర్తయ్యాక మా మేనకోడలు హెడ్‌ఫోన్లు తీసి, "అత్తా, మధ్యమధ్యలో ఎందుకు ఆగుతాండావు? చెయ్యి పైకెత్తి ఊరికే కూర్చుంటాండావు, మళ్ళీ అందుకుంటాండావు. మర్చిపోతాండావా?" అని అడిగింది.

మరచిపోవడం కాదు. అదేమిటో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి, మా నాయన దగ్గరికి పోవాలి.

మాది శిరివెళ్ల అవతల ఒక పల్లె. కలిగిన కుటుంబం. ఎంత కలిగినదో, అదంతా ఎలా పోయిందో రాయబోవడం లేదు. పోయినదాన్ని చెప్పుకుని జాలి పుట్టించుకోవడం మా ఇంటి అలవాటు కాదు. చెప్పవలసింది ఒక్కటే, మా ఇంట్లో సంగీతం ఉండేది. ఏటా పండగలకు పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ వచ్చి మా ముందరి సావడిలో కచేరి చేసేవారు. మా ఆడవాళ్ళు తెర వెనక కూర్చుని వినేవారు. లోపలి హాలులో మా జేజి, అంటే నాయన తల్లి, నాకు వీణ నేర్పింది. అయితే ఒక కట్టుబాటు ఉండేది. మన ఇంటికి సంగీతం వస్తుంది, మన ఇంటి నుంచి సంగీతం బయటికి పోదు. వాయించినందుకు బట్టలు పెట్టే చెయ్యి మనది, పుచ్చుకునే చెయ్యి కాదు. కాబట్టి మన పిల్ల వీణ వీధిలో పోయేవాడి చెవిన పడకూడదు. జేజి దీన్ని తప్పుగా ఎన్నడూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. మూడు వాకిళ్ళు దాటి లోపల, మూరెడు మందం గోడల మధ్య వాయిస్తే ఎవరికి వినబడుతుంది?

మరో అలవాటు కూడా చెప్పాలి, ముందు ముందు అది అవసరమవుతుంది. మా ఇంటి పెద్దలు ఎంత గొప్ప కచేరీ విన్నా బాగుంది అని నోటితో అనేవారు కాదు. మా తాతా, ఆయన తర్వాత మా నాయనా తాటాకు విసనకర్రతో విసురుకుంటూ వినేవారు. మనసుకు ఎక్కడైనా తగిలితే విసనకర్ర ఆగిపోయేది. వాయించేవాళ్ళు కూడా మొహం వంక చూడకుండా ఆ విసనకర్ర వంకే చూసేవారు.

అన్నీ అయిపోయాక నాయనా నేనూ నంద్యాలకు వచ్చాం. అమ్మ అప్పటికే లేదు. తమ్ముడు మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. పరుపులు కుట్టేవాళ్ళ వీధిలో రెండు గదుల బాడుగ ఇల్లు దొరికింది. నేను ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పే పనిలో చేరాను. మధ్యాహ్నం అన్నం వేళకు ఇంటికి వచ్చేసేదాన్ని. నాయన వాకిలి గదిలో మా పాత పడకకుర్చీ వేయించుకున్నాడు గానీ అందులో ఒక్కనాడూ వెనక్కి వాలలేదు. ఎవరో చూడటానికి వస్తారన్నట్టు నిటారుగా కూర్చునేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు.

దిగిన రోజునే నాయన గోడ మీద వేలితో కొట్టి చూశాడు. ఒంటి ఇటుక గోడ. అవతల ఎవరో దగ్గితే ఇవతల తెలుస్తోంది. వీణ గుడ్డ సంచిలోనే ఉండనీమన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఆయనకు మిగిలింది ఆ కట్టుబాటు ఒక్కటే అని నాకు తెలుసు కాబట్టి నేనూ ఎదురు చెప్పలేదు. కానీ నాకు మిగిలింది ఆ వీణ ఒక్కటే. ఆ మాట ఆయనకు చెప్పలేదు, అంతే.

గోడ అవతల ఇంటాయన దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. నేను మామా అని పిలిచేదాన్ని, ఆయన భార్యను అత్తా అనేదాన్ని. మీలో నా ఈడు వాళ్ళకు దూది ఏకే విల్లు గుర్తుండే ఉంటుంది. మనిషి కంటే పొడుగైన కొయ్యకు నారి బిగించి, దాన్ని పైనుంచి వేలాడదీసి, కింద దూది కుప్ప పోసి, చేతిలోని బరువైన కొయ్యతో నారిని కొడుతూ పోతే, గట్టిపడిన దూది మబ్బులా విడిపోయి లేచేది. ఆ నారి మోత మామూలు మోత కాదు. ఒక పెద్ద తంబురాను ఎవరో కోపంతో మీటినట్టు ఉండేది. మధ్యాహ్నం మొదలైతే పొద్దు వాలేదాకా మా గోడ, మా నేల, అలమరలో గ్లాసులు, అన్నీ సన్నగా వణికేవి.

నాయన ఆ మోతను గురించి ఎన్నడూ విసుక్కోలేదు. ఆయన బాధ వేరే. పల్లెలో ఉన్నంతకాలం ఆయన పంచాంగం చూసి ఎరగడు. మంచంలో పడుకునే ఏ కార్తె నడుస్తోందో చెప్పేవాడు. రోహిణిలో నల్లరేగడి నెర్రెలు విచ్చేటప్పుడు ఒక చప్పుడుంటుందనేవాడు. వాన నల్లమల వైపు నుంచి వస్తే ముందు జొన్నచేల మీద పడే చప్పుడు వినిపించి, ఆ తర్వాత చాలాసేపటికి చినుకు మన మీద పడుతుందనేవాడు. నంద్యాలలో ఆ చప్పుళ్ళేవీ లేవు. లారీలు, రిక్షాలు, మైకులు. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి గోడకున్న క్యాలెండరు ముందు నిలబడి ఉన్నాడు. ఏ కార్తె నడుస్తాంది పాపా, కండ్లకు ఆనడం లేదు, అన్నాడు. అక్షరాలు కనబడక కాదని నాకు అర్థమైంది. ఆ మనిషి కార్తె సంగతి ఇంకొకరిని అడగవలసి వచ్చింది, అదీ సంగతి.

ఆ రోజు మధ్యాహ్నం గోడ అవతల విల్లు మోగడం మొదలవగానే లోపలి గది తలుపు మూసి వీణ బయటికి తీశాను. ఆ మోతలో నా వీణ ఎవరికి వినబడుతుంది? అయినా భయం చాలక, నాయన పాత పంచె చింపి తంతుల కింద దోపాను. నాకు జేజి నేర్పిన వర్ణాలూ కీర్తనలూ వాయించలేదు. ఒకే తంతి మీద, ఒకే స్వరాన్ని పట్టుకుని, లాగి, వదిలి, చాలాసేపు ఊరుకుని, మళ్ళీ లాగాను. ఎండ. రోహిణి ఎండలో చేను ఎలా ఉంటుందో అలా. దానికి రాగం పేరు అడిగితే అప్పుడూ చెప్పలేను, ఇప్పుడూ చెప్పలేను. పల్లవి లేదు, చరణం లేదు. దాహం మాత్రం ఉంది.

విల్లు దెబ్బ పడినప్పుడు వీణ ఎలాగూ మునిగిపోతుంది కాబట్టి అక్కడ చెయ్యి ఎత్తి ఆగడం నేర్చుకున్నాను. మోత చల్లారుతుండగా అందులోంచి నా స్వరం మొలకెత్తేది. రోజులు గడిచే కొద్దీ ఆ ఆగడం కూడా సంగీతంలో భాగమైపోయింది. ఆయన నారికి శ్రుతి కలిపి నా మంద్రతంతిని కాస్త దించుకున్నాను కూడా. ఇదంతా దాక్కోవడం కోసమే చేస్తున్నానని అనుకున్నాను. వాకిలి గదిలో నాయన విసనకర్ర ప్రతి ఊపుకూ కుర్చీ చేతికి తగిలి చిన్నగా టక్కుమనేది. మూసిన తలుపు వెనక నాకు అది వినబడుతూనే ఉండేది. ఒక్కోసారి ఆగిపోయేది. నిద్ర పట్టిందేమో అనుకునేదాన్ని. అంతకు మించి అనుకునే ధైర్యం లేదు.

అట్లా ఎండాకాలం గడిచి మృగశిర వచ్చింది, వానలు దిగాయి. దిగిన రెండో రోజో మూడో రోజో పక్కింటి విల్లు ఆగిపోయింది. మధ్యాహ్నం వచ్చి చూస్తే వీధంతా వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. వీణ సంచి విప్పలేదు. మర్నాడూ అంతే. నేను చేయదలచుకున్న వాన పాట సగంలో ఉంది. జొన్నాకుల మీద దూరంగా పడే చప్పుడు కోసం పక్క తంతులను గోటితో తాకీ తాకకుండా గీరడం వచ్చింది గానీ, అది దగ్గరికి వచ్చే నడక ఇంకా దొరకలేదు. ఆ నాలుగు రోజులూ నేను అన్నం సరిగా తినలేదని నాయన గమనించి ఉండాలి. ఆయనకు అప్పటికే చలిగాలి తగిలితే ఆయాసం ఎక్కువయ్యేది. వానాకాలం కుర్చీలోంచి లేవడమే కష్టం.

తర్వాత ఒక మధ్యాహ్నం విల్లు మళ్ళీ మోగింది. మామకు పని దొరికినట్టుంది, మంచిదే అనుకుని తలుపు మూసుకున్నాను. ఆ రోజు నుంచి వానలో కూడా రోజూ మోగేది, అంతకు ముందు కంటే నిదానంగా, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎక్కువ ఎడంగా. ఆ ఎడంలో నా వాన నడిచి దగ్గరికి వచ్చింది. ఏ చేలో ఎన్ని బస్తాలు పండుతాయో కాటా లేకుండా చెప్పే ఇంట్లో పుట్టాను. పరుపులో దూది ఎలా పడుతుందో, ఏ కాలంలో ఏకుతారో ఎన్నడూ అడిగి ఎరగను. మా ఇంటికి పరుపులు కుట్టి తెచ్చి ఇచ్చేవారు, మేము పడుకునేవాళ్ళం. అందుకే నాకు ఏ అనుమానమూ రాలేదు.

వానలు ముదిరేసరికి నాయన వెల్లకిలా పడుకోలేని స్థితికి వచ్చాడు. ఎత్తు దిండు ఉంటే ఊపిరి ఆడుతుంది. ఉన్న దిండు గట్టిపడి బండలా అయింది. దాన్ని విప్పి, దూది ఏకించి, కొత్తది కలిపి ఎత్తుగా కుట్టించాలని ఒక మధ్యాహ్నం దిండు చంకన పెట్టుకుని, నెత్తిన కొంగు కప్పుకుని పక్కింటికి వెళ్ళాను. అదే నేను వాళ్ళ గడప తొక్కడం మొదటిసారి. లోపల విల్లు మోగుతోంది.

అత్త బియ్యం ఏరుతోంది. నా చేతిలో దిండు చూసి నవ్వింది.

"ఈ వానల్లో దిండు ఏకిచ్చేకి తెచ్చినావా పాపా? చెమ్మకి దూది ముద్దయితాది. వానలు పొయ్యేదాకా ఎవరూ ఏకరు."

"మరి మామ రోజూ ఏకుతాండాడు గదా అత్తా?"

"ఏం ఏకుతాండాడు? పొయ్యి చూడు."

చూశాను. నేల ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది. ఒక్క దూది పోగు లేదు. విల్లు వేలాడుతోంది. మామ ముక్కాలి పీట మీద మా గోడ వైపు తిరిగి కూర్చుని, చేతిలో కొయ్య పట్టుకుని, ఒక దెబ్బ వేసి, తల వంచి ఆగాడు. అవతల నుంచి ఏదో రావాలని ఎదురు చూస్తున్నాడు. వాయించవలసినదాన్ని నేనే, ఇక్కడ నిలబడి ఉన్నాను.

అత్త వెనకనుంచి చెప్పింది. "మీ నాయన వచ్చిన్యాడు పాపా. వానలో, గోడ పట్టుకోని. కూర్చోమంటే కూర్చోలా. గడప అవతలే నిలబడి ఏమన్యాడో తెలుసునా? వానాకాలం విల్లు ఊరికే మూలన పెడితే నారి సడలిపోతాదంట, మధ్యాహ్నం పూట కాసేపు మోగిస్తాంటే మంచిదంట. ఈయప్పకి! తాతల కాడ్నించి విల్లు కొట్టే మనిషికి నారి సంగతి ఆయన వచ్చి చెప్పల్ల్యా?" ఆమె నవ్వు ఆపుకోలేక చేట కింద పెట్టింది.

మామ నవ్వలేదు. "ఊరుకోయే. పెద్దాయన అడిగినాడా మనల్ని? అడగలా. చెప్పిపోయినాడు. మనకి అర్థమయింది, సాలు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, కాస్త సిగ్గుపడుతూ, "నిన్న వానది వాయిస్తాంటివి గదా పాపా, దగ్గరికి వచ్చే కాడ, ఆడ నేను ఒక దెబ్బ ఎక్కువ ఏసినా. ఏమనుకోవాకు," అన్నాడు.

ఇన్నాళ్ళూ ఎవరికీ వినబడకుండా వాయిస్తున్నానని నేను అనుకుంటుంటే, గోడకు అటూ ఇటూ ఉన్నవాళ్ళంతా వింటున్నారు. ఒకరు వింటున్నట్టు ఇంకొకరికి తెలియనివ్వడం లేదు, అంతే. నాకు తెలిసి మా నాయన తన జన్మలో ఒకరి గడప ముందు నిలబడి ఏదీ అడగలేదు. పొలాలు పోతుంటే అడగలేదు. ఇల్లు పోతుంటే అడగలేదు. అడగడం రాక, నారి గురించి ఆజ్ఞ ఇచ్చి వచ్చాడు. కట్టుబాటు తెంచలేదు. నా వీణ ఆగిపోనివ్వలేదు. ఆయాసంతో ఆ నాలుగడుగులు వానలో నడిచి వెళ్ళడానికి ఆయనకు ఎంతసేపు పట్టి ఉంటుందో, నేను బడిలో ఉన్నానే, ఎలా తెలుస్తుంది?

దిండు తీసుకుని ఇంటికి వచ్చాను. నాయన నా చేతిలోని దిండు చూశాడు, నేను వచ్చిన దిక్కు చూశాడు, మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మా ఇంట్లో పెద్ద మాటలన్నీ అలాగే జరిగాయి. లోపలికి పోయి వీణ విప్పాను. తంతుల కింద పంచె గుడ్డ తీసి పక్కన పడేశాను. తలుపు మాత్రం మామూలుగా మూశాను, అది తెరవడం నా చేతిలోది కాదు. గోడ అవతల విల్లు ఒక్కసారి మోగింది. నేను ఆగి, అందుకున్నాను. దూరంగా జొన్నచేల మీద మొదలైన వాన దెబ్బ తర్వాత దెబ్బగా నడిచి వచ్చి, మా ఇంటి మీదే పడింది. వాకిలి గదిలో విసనకర్ర చాలాసేపటి నుంచి చప్పుడు చేయడం లేదు.

వాయించడం అయ్యాక నాయన గొంతు వినిపించింది.

"ఆ తలుపు తెరువు పాపా. ఉక్కగా ఉంది."

బయట ఈదురుగాలి కొడుతోంది. ఆయన మీద నేను కప్పిన దుప్పటి అలాగే ఉంది. తలుపు తెరిచాను. ఆయన వీధి తలుపు వైపు కూడా చెయ్యి చూపాడు. అదీ తెరిచాను.

ఆ తర్వాత శనగ పూత పట్టే చలికాలం దాకా ఆయన ఉన్నాడు. ఆకు మీద ఊరే పులుపుతో మంచు కూడా పుల్లనయ్యే శనగచేను గురించి ఒక చిన్న ముక్క చేశాను. అప్పటికి వానలు పోయి నిజమైన దూది వచ్చింది, మామ దానికి సరిపడా చిన్న దెబ్బలు వేసేవాడు. నాయన దిండు కూడా ఏకి ఎత్తుగా కుట్టి ఇచ్చాడు. పోయేముందు రోజుల్లో నాయన క్యాలెండరు వంక చూడటం మానేశాడు. ఏ కార్తెలో ఉన్నామో ఆయనకు తెలుసు.

తర్వాత అన్నీ మామూలుగానే జరిగాయి. దూది ఏకే మిషన్లు వచ్చాయి, ఆ తర్వాత దూదే అక్కరలేని పరుపులు వచ్చాయి. మామా అత్తా వాళ్ళ కూతురు ఉన్న ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆ విల్లు నన్ను తీసుకోమన్నారు. అంత పొడుగుది పెట్టుకునే చోటు లేదన్నాను. చోటు సంగతి కాదు, దాన్ని కొట్టడం నాకు రాదు.

ఇదంతా మా మేనకోడలికి చెప్పలేదు, పోయిన వారం. ఇక్కడ ఇంకొక చప్పుడు ఉండేది, అది పోయింది అని మాత్రం అన్నాను. రెండు రోజుల తర్వాత తను ఆ ఖాళీల్లో ఒక మంచి గంట మోత లాంటిది పెట్టి వినిపించింది. బాగానే ఉంది. కానీ వింటుంటే నా కుడి చెయ్యి ఒడిలో ఉండలేక పైకి లేచి, దించే చోటు దొరక్క అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల చూసింది. అప్పుడు మొత్తం చెప్పాను. ఆ గంటలన్నీ తీసేసింది. ఇప్పుడా ఖాళీలు అలాగే ఉన్నాయి. ఎక్కడెక్కడో చెవులకు తగిలించుకుని వినేవాళ్ళు అక్కడ ఫోను పాడైందేమో అనుకుంటారు కాబోలు.

నా వీణ ఇంటి బయటికి పోకూడదన్న కట్టుబాటు ఇలా ఒక్క వారంలో ఎటు పోయిందో తెలియకుండా పోయింది. దానికి నాకు విచారం లేదు. విచారమల్లా ఎవరి సంగీతం వాళ్ళ చెవుల్లోనే ఉండిపోతోందని. పక్కవాడికి వినపడకుండా వినే సౌకర్యం వచ్చాక, పక్కవాడు వింటున్నాడని తెలుసుకునే దారి పోయింది. మా గోడ ఒంటి ఇటుక గోడ కాకపోయి ఉంటే నా వాన ఎప్పటికీ సగంలోనే ఉండేది.

నిన్న మళ్ళీ రికార్డింగుకు కూర్చున్నాం. మార్గశిరం చలి, కిటికీలోంచి వచ్చే గాలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. వీధి చప్పుడు వస్తుంది, తలుపు మూస్తానత్తా అని మేనకోడలు లేచింది. వద్దులే, తెరిచే ఉండనీ, ఉక్కగా ఉంది అన్నాను.